హైదరాబాద్ ఎఫ్‌సీ: కప్పు గెలిచిన ఏడాది, పాయింట్లు పెరిగిన ఏడాది – తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులు నలుగురు కలిసిన చోట ఇప్పటికీ తెగని తగవు ఒకటుంది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పును ఎత్తిన జట్టు గొప్పదా, మరుసటి ఏడాది అంతకంటే ఎక్కువ పాయింట్లు సాధించి కూడా సెమీఫైనల్‌లో ఇంటిదారి పట్టిన జట్టు గొప్పదా అన్నది ఆ తగవు. 2022-23 సీజన్ నడుస్తున్నప్పుడే, ప్రతి మ్యాచ్ తర్వాతా, "పోయినేడు ఈ పాటికి మనం ఎక్కడున్నాం?" అన్న ప్రశ్నతో మొదలైన ఈ చర్చలో పదేపదే వినిపించే సందేహాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. విడిగా చెప్పిన చోట తప్ప అంకెలన్నీ లీగ్ దశలోని 20 మ్యాచ్‌లవే.

రెండు సీజన్ల లెక్కలు క్లుప్తంగా ఏమిటి?

2021-22లో హైదరాబాద్ 11 మ్యాచ్‌లు గెలిచి, 5 డ్రా చేసుకుని, 4 ఓడి 38 పాయింట్లు సాధించింది. 43 గోల్స్ కొట్టి 23 ఇచ్చింది. 2022-23లో 13 గెలిచి, 3 డ్రా చేసుకుని, 4 ఓడి 42 పాయింట్లు సాధించింది. 36 గోల్స్ కొట్టి 16 ఇచ్చింది. రెండు సార్లూ పట్టికలో రెండో స్థానమే దక్కింది. లీగ్ దశలో మొదటి స్థానానికి ఇచ్చే లీగ్ షీల్డ్‌ను మొదటిసారి 43 పాయింట్లతో జంషెడ్‌పూర్, రెండోసారి 46 పాయింట్లతో ముంబై సిటీ అందుకున్నాయి. రెండు సార్లూ మనోలో మార్కెజే కోచ్, రెండు సార్లూ సెమీఫైనల్ ప్రత్యర్థి ఏటీకే మోహన్‌బగానే. కప్పు విషయం మాత్రం అందరికీ తెలిసినదే: 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ విజేతగా నిలిచింది, ఏడాది తిరగకముందే, 2023 మార్చి 13న కోల్‌కతాలో షూటౌట్‌లోనే ఓడిపోయింది.

గోల్ తేడా రెండేళ్లూ 20 దగ్గరే నిలిచిపోయింది కదా, మరి నాలుగు పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ రెండు సీజన్ల పోలికలో అన్నిటికంటే ఆసక్తికరమైన అంశం ఇదేనని మా అభిప్రాయం. 43లోంచి 23 తీసినా, 36లోంచి 16 తీసినా మిగిలేది 20. ఓటముల సంఖ్య కూడా మారలేదు; రెండేళ్లూ నాలుగే. మారినదల్లా రెండు మ్యాచ్‌ల పాటి తేడా. మొదటి ఏడాది ఐదుగా ఉన్న డ్రాలు మూడుకు తగ్గి, ఆ మేరకు విజయాలు పదకొండు నుంచి పదమూడుకు పెరిగాయి. డ్రాకు ఒక పాయింటు, గెలుపుకు మూడు కాబట్టి రెండు డ్రాలు రెండు గెలుపులైతే నాలుగు పాయింట్లు కలుస్తాయి. అంతకుమించి ఇందులో మాయ లేదు.

2022-23 జట్టు ఎంతో ముందుకు వెళ్లిందని వాదించేవారూ, కప్పు పోగొట్టుకుని వెనక్కి వెళ్లిందని వాదించేవారూ ఇద్దరూ ఈ చిన్న తేడాను ఉన్నదానికంటే పెద్దదిగా చూస్తున్నారు. ఈ పట్టికలు రెండూ ఒకే జట్టు రెండు రకాలుగా ఆడితే వచ్చినవి. ఆ రెండు రకాలు ఏమిటన్నదే అసలు చూడవలసిన విషయం.

2021-22 జట్టు దాడిలో చాలా మెరుగైనదన్న మాట నిజమేనా?

అంకెలను పైపైన చూస్తే నిజమే. మ్యాచ్‌కు సగటున 2.15 గోల్స్ కొట్టిన జట్టు మరుసటి ఏడాది 1.8కి తగ్గింది. అయితే ఆ 43 గోల్స్ ఎలా వచ్చాయో విడదీసి చూడాలి. ఆ సీజన్‌లో హైదరాబాద్ ఒడిశాను 6-1తో, నార్త్‌ఈస్ట్‌ను ఒకసారి 5-1తో, మరోసారి 5-0తో, ఈస్ట్ బెంగాల్‌ను 4-0తో ఓడించింది. ఈ నాలుగు మ్యాచ్‌లలోనే 20 గోల్స్ వచ్చాయి, ఇచ్చినవి రెండే. అంటే సీజన్ మొత్తం మీద మిగిలిన 20 గోల్ తేడాలో 18 ఆ నాలుగు మ్యాచ్‌లలోనే సమకూరింది. తక్కిన 16 మ్యాచ్‌లలో మనం కొట్టినవి 23, ఇచ్చినవి 21.

న్యాయంగా ఉండాలంటే రెండో ఏడాదికీ ఇదే కొలత పెట్టాలి. 2022-23లో ఎక్కువ గోల్స్ పడిన నాలుగు మ్యాచ్‌లను, అంటే నార్త్‌ఈస్ట్‌పై 6-1ని, మూడేసి గోల్స్ కొట్టిన మరో మూడు మ్యాచ్‌లను పక్కన పెడితే, మిగిలిన 16 మ్యాచ్‌లలో 21 గోల్స్ ఉంటాయి. 23కీ 21కీ ఉన్న తేడా రెండంటే రెండు. మామూలు రోజున, మామూలు ప్రత్యర్థి మీద, ఈ రెండు జట్ల దాడి దాదాపు సమానమే. మొదటి జట్టుకు ఎదుటివాడు డీలా పడ్డాక ఆగే అలవాటు లేదు. రెండో జట్టు గెలుపు ఖాయమయ్యాక బంతిని తన దగ్గరే ఉంచుకుని గడియారం చూసుకునేది. మన జ్ఞాపకంలో మాత్రం 6-1లే నిలిచిపోయాయి, అది సహజమే.

మరి రక్షణలో ఎంత తేడా ఉంది?

ఇక్కడ తేడా నిజంగానే పెద్దది. 2021-22లో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ముగించిన లీగ్ మ్యాచ్‌లు మూడే. 2022-23లో అవి పది. సెమీఫైనల్‌లోని రెండు మ్యాచ్‌లను కలిపితే 22లో పన్నెండు.

గెలిచిన తీరులోనూ ఇది కనబడుతుంది. ఒకే ఒక్క గోల్ తేడాతో గెలిచిన మ్యాచ్‌లు రెండేళ్లూ ఆరేసి ఉన్నాయి. మొదటి ఏడాది ఆ ఆరింటిలో 1-0 ఒక్కటే (బెంగళూరుపై). మిగతావి 2-1లు, 3-2లు, అంటే చివరి నిమిషం దాకా గుండె చేతబట్టుకుని చూసినవి. రెండో ఏడాది ఆరుకు ఆరూ 1-0లే. అందులోనూ నాలుగు వరసగా వచ్చాయి: అక్టోబరు, నవంబరు 2022లలో బెంగళూరు, గోవా, ఒడిశా, జంషెడ్‌పూర్‌లపై. అప్పట్లో కొందరు అభిమానులు ఈ ఆట చప్పగా ఉందని విసుక్కున్నారు కానీ, పన్నెండు పాయింట్లు నాలుగే గోల్స్‌తో తెచ్చుకోవడం కంటే పొదుపైన వ్యాపారం ఫుట్‌బాల్‌లో మరొకటి ఉండదు.

ఓగ్బెచె గోల్స్ 18 నుంచి 10కి తగ్గడమే కప్పు చేజారడానికి కారణమా?

బార్తొలొమ్యూ ఓగ్బెచె 2021-22లో, సెమీఫైనల్‌లోని ఒకటి కలిపి, 18 గోల్స్‌తో లీగ్‌లోనే అగ్రస్థానంలో నిలిచి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. జట్టు కొట్టిన ప్రతి ఐదు గోల్స్‌లో రెండు అతనివే. మరుసటి ఏడాది అతని వాటా 36లో 10కి, అంటే నాలుగింట ఒకటి కంటే కాస్త ఎక్కువకు చేరింది. లీగ్ దశ లెక్కలో చూస్తే అతను 17 నుంచి ఏడు తగ్గించుకున్నాడు, జట్టు మొత్తం మీద తగ్గినవీ ఏడే. అంటే తక్కినవారంతా కలిసి రెండేళ్లూ 26 చొప్పునే కొట్టారు. కాబట్టి తగ్గుదలంతా ఓగ్బెచె ఖాతాలోనిదే అనడంలో తప్పు లేదు.

కానీ దాన్ని కప్పుతో ముడిపెట్టడం సరికాదు. అతని గోల్స్ తగ్గిన ఏడాదే పాయింట్లు పెరిగాయి. లీగ్‌లో 2022-23 జట్టు ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయిన మ్యాచ్‌లు రెండే ఉంటే, 18 గోల్స్ ఓగ్బెచె ఉన్న జట్టుకు అలాంటివి మూడున్నాయి. ఫిబ్రవరి 14, 2023న ఏటీకే మోహన్‌బగాన్‌ను 1-0తో ఓడించిన గోల్ కూడా అతనిదే. ముప్పై ఎనిమిదేళ్ల వయసున్న స్ట్రైకర్ మీద అంతకంటే భారం మోపడం మనకే మర్యాద కాదు.

రెండు సీజన్లను పోల్చడానికి సరైన పద్ధతి ఏది?

చాలామంది చేసే పని, నిరుడు పదో మ్యాచ్ ముగిసేసరికి ఎన్ని పాయింట్లు, ఈ ఏడు పదో మ్యాచ్ ముగిసేసరికి ఎన్ని అని చూడటం. ఇది సులువైన పద్ధతే గానీ నమ్మదగినది కాదు, ఎందుకంటే ఆ పది మ్యాచ్‌లలో ఎదురైన ప్రత్యర్థులు ఒక్కరే అయి ఉండరు. ఒక ఏడాది బలమైన జట్లు ముందు వచ్చి, మరో ఏడాది చివర్లో వస్తే అంకెలు మోసం చేస్తాయి.

అంతకంటే మంచి పద్ధతి, ప్రత్యర్థి వారీగా లెక్క చూడటం. మన అదృష్టం కొద్దీ ఈ రెండు సీజన్లలోనూ లీగ్‌లో అవే పదకొండు క్లబ్బులున్నాయి, ఒక్కొక్కరితో రెండేసి మ్యాచ్‌లు జరిగాయి. కాబట్టి ఒక్కో ప్రత్యర్థి నుంచి ఆరేసి పాయింట్లు అందుబాటులో ఉన్నట్టు లెక్క. బెంగళూరు, నార్త్‌ఈస్ట్‌ల నుంచి రెండేళ్లూ ఆరేసి, కేరళ నుంచి రెండేళ్లూ మూడేసి వచ్చాయి. అక్కడ మార్పు లేదు. చెన్నయిన్ నుంచి మొదటి ఏడాది ఒక్కటే వస్తే రెండో ఏడాది నాలుగు వచ్చాయి. జంషెడ్‌పూర్ నుంచి ఒకటి మూడైంది, ఏటీకే మోహన్‌బగాన్ నుంచి కూడా ఒకటి మూడైంది. గోవా, ఈస్ట్ బెంగాల్‌ల నుంచి నాలుగేసి ఆరేసిగా పెరిగాయి. ఇవన్నీ కలిపితే పదకొండు పాయింట్ల లాభం.

నష్టం రెండు చోట్లే జరిగింది. ఒడిశా నుంచి ఆరు మూడుకు తగ్గాయి. భువనేశ్వర్‌లో 1-3తో ఓడిపోయిన మ్యాచ్ ఫలితం అది. ముంబై నుంచి ఆరు రెండుకు పడిపోయాయి. 2021-22లో ముంబైని 3-1తోను, 2-1తోను రెండుసార్లూ ఓడించిన జట్టు, 2022-23లో 3-3తో ఒకసారి, 1-1తో ఒకసారి సరిపెట్టుకుంది. షీల్డ్ ఎవరికి వెళ్లిందో గుర్తుంచుకుని ఈ రెండు డ్రాలను మరోసారి చూడాలి. ఆ రెండూ మనం గెలిచి ఉంటే మనకు 46, ముంబైకి 44 పాయింట్లు ఉండేవి. తక్కిన పద్దెనిమిది మ్యాచ్‌ల ఫలితాలను ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు. ముందటేడు సంగతీ ఇలాంటిదే: జంషెడ్‌పూర్‌తో 1-1, 0-3గా ముగిసిన రెండు మ్యాచ్‌లు మనవై ఉంటే మనకు 43, వారికి 39. రెండేళ్లూ షీల్డ్‌ను పోగొట్టుకున్నది దాన్ని గెలిచినవారి చేతుల్లోనే తప్ప, చిన్న జట్లతో జారవిడిచిన పాయింట్ల వల్ల కాదు.

రెండు జట్లను ఒకదాని సీజన్‌లోకి మరొకదాన్ని మార్చి చూస్తే ఏమవుతుంది?

ఇది సరదాగా వేసుకునే లెక్కే అయినా ఒక తగవును తీరుస్తుంది. 2022-23 జట్టు సాధించిన 42 పాయింట్లను ముందటేడు పట్టికలో పెడితే జంషెడ్‌పూర్ 43 కంటే ఒక్క పాయింటు వెనక, రెండో స్థానంలోనే ఉంటుంది. 2021-22 జట్టు 38 పాయింట్లను తర్వాతి ఏడాది పట్టికలో పెట్టినా, మూడో స్థానంలోని ఏటీకే మోహన్‌బగాన్‌కు 34 మాత్రమే ఉన్నాయి కాబట్టి మళ్లీ రెండో స్థానమే. ఎటు తిప్పినా మనది రెండో స్థానమే.

సీజన్ సాగుతున్నప్పుడు 2022-23 అంత మెరుగ్గా ఎందుకు అనిపించింది? చివరికి ఎందుకు నీరుగారింది?

సగం సీజన్ ముగిసేసరికి, అంటే పది మ్యాచ్‌ల తర్వాత, 2021-22 జట్టుకు 16 పాయింట్లే ఉన్నాయి. నాలుగు గెలుపులు, నాలుగు డ్రాలు, రెండు ఓటములు. 2022-23 జట్టుకు అప్పటికే 22 ఉన్నాయి. పై జవాబులో ఇలాంటి పోలిక నమ్మదగినది కాదన్న మేమే దీన్ని వాడుతున్నామని పాఠకులు నవ్వుకోవచ్చు. అయితే ఇక్కడ రెండేళ్లూ మొదటి పది మ్యాచ్‌లలో పది మంది ప్రత్యర్థులూ ఒక్కొక్కసారి ఎదురయ్యారు కాబట్టి ఆ అభ్యంతరం వర్తించదు.

రెండో సగంలో పరిస్థితి తారుమారైంది. 2021-22 జట్టు అందులో 22 పాయింట్లు తెచ్చుకుంటే, 2022-23 జట్టు 20 తెచ్చుకుంది. ఇంకా దగ్గరగా చూస్తే చివరి ఐదు మ్యాచ్‌లలో మొదటి జట్టు నాలుగు గెలిచి 12 పాయింట్లతో, కప్పు ఎవరిదో తేల్చే ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. రెండో జట్టు పదిహేను మ్యాచ్‌లలో 35 పాయింట్లతో దూసుకువెళ్లి, చివరి ఐదింటిలో 7 దగ్గర ఆగిపోయింది. ముంబైతో డ్రా, ఒడిశా చేతిలో 1-3, జంషెడ్‌పూర్ చేతిలో 2-3, మధ్యలోనూ చివర్లోనూ మోహన్‌బగాన్, కేరళలపై 1-0 గెలుపులు. సీజన్ అంతా మ్యాచ్‌కు ఒక గోల్ కంటే తక్కువ ఇచ్చిన రక్షణ శ్రేణి ఎనిమిది రోజుల తేడాలో ఆడిన రెండు మ్యాచ్‌లలో ఆరు ఇచ్చింది. హైదరాబాద్ అభిమానులు సెమీఫైనల్ ఫలితాన్ని తలచుకుని బాధపడతారు గానీ, జాగ్రత్తగా చూస్తే హెచ్చరిక ఫిబ్రవరిలోనే వచ్చింది.

ఆటగాళ్లలో ఎంత మార్పు జరిగింది?

పెద్దగా జరగలేదు. ఓగ్బెచె, జావియర్ సివేరియో, కెప్టెన్ జోవో విక్టర్, మహమ్మద్ యాసిర్, చింగ్లెన్‌సానా సింగ్, ఆకాశ్ మిశ్రా, హలిచరణ్ నర్జారీ, లక్ష్మీకాంత్ కట్టిమణి రెండేళ్లూ ఉన్నారు. కుడి వైపు రక్షణలో ఆడే ఆశీష్ రాయ్ 2022 వేసవిలో ఏటీకే మోహన్‌బగాన్‌కు వెళ్లిపోయాడు. ఆ చోట నిఖిల్ పూజారి ఆడాడు. ఓడెయ్ ఒనైందియా తిరిగి వచ్చాడు, బోర్హా హెరెరా కొత్తగా చేరాడు. కొచ్చిలో కేరళను ఓడించిన చివరి లీగ్ మ్యాచ్ గోల్ హెరెరాదే.

గోవాలో తలుపులు మూసి ఆడిన సీజన్‌ను గచ్చిబౌలిలో ఆడిన సీజన్‌తో పోల్చవచ్చా?

కొన్ని షరతులతో పోల్చవచ్చు. కరోనా కారణంగా 2021-22 సీజన్ మొత్తం బయో బబుల్‌లో, గోవాలోని ఫతోర్దా, బాంబోలిం, వాస్కో మైదానాల్లో జరిగింది. ఎవరికీ సొంత మైదానమంటూ లేదు, ప్రయాణాలు లేవు, ఫైనల్‌కు తప్ప ప్రేక్షకులు లేరు. (బాంబోలింలోని మైదానాన్ని కూడా జీఎంసీ స్టేడియం అనే పిలుస్తారు, గోవా మెడికల్ కాలేజీ పేరు మీద. టీవీలో స్కోరు పక్కన ఆ పేరు చూసి గచ్చిబౌలి జీఎంసీ బాలయోగి స్టేడియం అనుకుని క్షణకాలం మురిసిపోయినవారున్నారు.) 2022-23లో జట్టు 2020 తర్వాత మొదటిసారి సొంత ఊళ్లో ఆడింది. అక్టోబరు 22న బెంగళూరుపై ఓగ్బెచె గోల్‌తో 1-0గా గెలిచి తిరిగి తలుపులు తెరిచింది.

సొంత మైదానం వల్ల పాయింట్లు పెరిగాయన్న వాదనను పూర్తిగా ఒప్పుకోలేం. మనకు సొంత మైదానం దొరికినప్పుడే మిగతా పది జట్లకూ దొరికింది. కేరళ గచ్చిబౌలికి వచ్చి 1-0తో గెలిచి వెళ్లింది, మనం కొచ్చి వెళ్లి అంతే తేడాతో గెలిచి వచ్చాం. పైగా గచ్చిబౌలి అథ్లెటిక్స్ కోసం కట్టిన మైదానం. ప్రేక్షకుల వరసలకూ గడ్డికీ మధ్య పరుగుపందేల ట్రాక్ అడ్డంగా ఉంటుంది. అరుపులు ఆటగాడి చెవిలో పడే ఏర్పాటు కాదది. డెక్కన్ లీజియన్ అభిమానులు ఎంత గొంతు చించుకున్నా సగం గాలికే పోయేది.

2022 ఫైనల్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేం. రెండు జట్ల రంగూ పసుపే. పట్టికలో పైన ఉన్నందుకు పసుపు జెర్సీ మనకు దక్కింది, కేరళ నల్ల జెర్సీతో దిగింది. స్టాండ్ల నిండా మాత్రం కేరళ నుంచి వచ్చిన పసుపు. బయటి ఊళ్లో, ఎదుటివారి ప్రేక్షకుల మధ్య, 88వ నిమిషం దాకా ఒక గోల్ వెనకబడి ఉండి గెలిచిన కప్పు అది.

రెండు షూటౌట్ల మధ్య అసలు తేడా ఏమిటి?

2022 ఫైనల్‌లో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందంజ వేస్తే, ప్రత్యామ్నాయ ఆటగాడిగా వచ్చిన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీతో స్కోరు సమమైంది. షూటౌట్‌లో కట్టిమణి ముగ్గురి కిక్కులు ఆపాడు, నర్జారీ చివరి కిక్కును గోల్‌లోకి పంపాడు, 3-1తో కప్పు మనదైంది. 2023 సెమీఫైనల్‌లో గచ్చిబౌలిలో 0-0, కోల్‌కతాలో అదనపు సమయం కూడా కలిపి 0-0. షూటౌట్‌లో సివేరియో, ఓగ్బెచె ఇద్దరూ విఫలమయ్యారు, 4-3తో మోహన్‌బగాన్ ముందుకు వెళ్లి కప్పు కూడా గెలుచుకుంది.

షూటౌట్‌ను జట్టు బలానికి కొలతగా తీసుకోవద్దని మా సలహా. కానీ షూటౌట్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్న ప్రశ్న సరైనదే. 2021-22లో మోహన్‌బగాన్‌తో నాలుగు మ్యాచ్‌ల స్కోర్లు 2-2, 1-2, 3-1, 0-1: చెరో ఆరు గోల్స్. 2022-23లో 0-1, 1-0, 0-0, 0-0: చెరొక్కటి. మొదటి ఏడాది సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లో ఒక గోల్ వెనకబడ్డాక ఓగ్బెచె, యాసిర్, సివేరియో వరసగా మూడు కొట్టారు కాబట్టి, రెండో మ్యాచ్‌లో ఓడినా మొత్తం మీద 3-2తో గట్టెక్కాం. రెండో ఏడాది 210 నిమిషాలు గోల్ ఇవ్వని జట్టు, అన్ని నిమిషాలూ గోల్ కొట్టలేని జట్టు కూడా అయింది. లీగ్‌లో 1-0లతో పన్నెండు పాయింట్లు తెచ్చిన పొదుపే ఇక్కడ ఖర్చు పెట్టాల్సిన చోట చేయి రానివ్వలేదు.

ప్లేఆఫ్స్ విధానం మారడం వల్ల నష్టం జరిగిందా?

2021-22లో మొదటి నాలుగు జట్లు నేరుగా సెమీఫైనల్ ఆడాయి. 2022-23 నుంచి ఆరు జట్లకు అవకాశమిచ్చి, మొదటి రెండింటిని సెమీఫైనల్‌కు పంపి, మిగతా నాలుగింటికి ఒక్కో నాకౌట్ మ్యాచ్ పెట్టారు. అందువల్ల ఫిబ్రవరి 26 తర్వాత హైదరాబాద్‌కు మార్చి 9 దాకా మ్యాచ్ లేదు. మోహన్‌బగాన్ ఈ మధ్యలో ఒడిశాను 2-0తో ఓడించి వేడిమీద వచ్చింది. విశ్రాంతి మేలా కీడా అన్నది ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు. షీల్డ్ గెలిచిన ముంబైకి కూడా అదే విశ్రాంతి దక్కింది, వారూ బెంగళూరు చేతిలో షూటౌట్‌లోనే ఓడారు.

చివరికి ఏ జట్టు మేలైనది?

ఇరవై మ్యాచ్‌ల లీగ్‌లో ప్రతి వారం నమ్ముకోవడానికైతే 2022-23 జట్టు. ఒక గోల్ వెనకబడి ఇరవై నిమిషాలు మిగిలినప్పుడు మైదానంలో ఉండవలసిందైతే 2021-22 జట్టు.

అంతకుముందు, ఆ తర్వాతి సీజన్లతో పోల్చేటప్పుడు ఏం గమనించాలి?

మ్యాచ్‌ల సంఖ్య మారుతూ వచ్చింది కాబట్టి మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లన్నదే చూడాలి. 2019-20 తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, అంటే 0.56, పట్టికలో అట్టడుగు. 2020-21లో మార్కెజ్ వచ్చిన మొదటి ఏడాది 20 మ్యాచ్‌లకు 29, అంటే 1.45, పదకొండు డ్రాలతో ఐదో స్థానం. తర్వాత 1.9, ఆపైన 2.1. మార్కెజ్ 2023లో గోవాకు వెళ్లాడు. ఆర్థిక ఇబ్బందుల్లో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయిన 2023-24లో 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లు, ఒకే ఒక్క గెలుపు, సగటు 0.36. 2024-25లో 24 మ్యాచ్‌లకు 18, అంటే 0.75.

కాబట్టి "వరసగా రెండు సీజన్ల పోలిక" అన్నప్పుడు మనం తగవులాడుకుంటున్న రెండేళ్ల తేడా 0.2 పాయింట్లు, ఆ వెంటనే వచ్చిన పతనం 1.74. చిన్న తేడా మీద ఎక్కువ వాదించుకున్నామని ఇప్పుడు చూస్తే అనిపిస్తుంది గానీ, అప్పుడు మనకు అదే పెద్ద బెంగ.

పెద్దవాళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో పోలుస్తుంటారు. అది కుదురుతుందా?

కుదరదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అప్పటి పోటీల తీరు వేరు, ఊరి కుర్రాళ్లతోనే నిండిన జట్టు వేరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరిన, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడవాడు. ఆయన 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు, హైదరాబాద్ ఎఫ్‌సీ మోహన్‌బగాన్‌ను ఓడించిన రెండు రోజులకు. ఈ రెండు హైదరాబాద్‌ల మధ్య ఉన్న బంధం ఊరి పేరే. అంకెలతో కలిపేది కాదు.

క్లబ్ 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆ జట్టు సీజన్లను కూడా ఈ లెక్కల్లో కలపాలా?

మేము కలపడం లేదు. 2019లో పుణె సిటీ స్థానంలో మన క్లబ్ వచ్చినప్పుడు కోచ్ ఫిల్ బ్రౌన్‌తో పాటు ఆటగాళ్లు కూడా చాలామంది అక్కడి నుంచే వచ్చారు. అయినా పుణె గెలిచిన మ్యాచ్‌లను హైదరాబాద్‌లో ఎవరూ తమవని లెక్క వేసుకోలేదు. అదే నియమాన్ని ఇటువైపు కూడా పాటిస్తున్నాం. మా పట్టికలో చివరి వరస 2024-25, పన్నెండో స్థానం, 18 పాయింట్లు.